నార్వే 1972: చమురు దొరికిందనేనా యూరప్‌ను వద్దన్నారు?

ఫ్యోర్డ్_ప్రసాద్ | శనివారం ఉదయం 9:40

అందరికీ నమస్కారం. యుద్ధం తర్వాతి నార్వేలో ఏదైనా ఒక్క ఏడాది గురించి చెప్పమంటే నేను 1972 గురించే చెప్తాను. ఇక్కడ ట్రాండ్‌హైమ్‌లో పెద్దవాళ్ళను కదిపితే ఆ ఏడాది ఇంకా నిన్నమొన్నటి గొడవలాగే బయటికొస్తుంది.

మన గ్రూపుల్లో ఎప్పుడూ తిరిగే మాట ఒకటుంది. ‘నార్వేకి చమురు దొరికింది, డబ్బుంది కదా అని యూరప్ కూటమిలో చేరలేదు’ అని. ఇది వెనక్కి తిరిగి చూసి అల్లిన కథ అని నా వాదన. జరిగింది జరిగినట్టు చెప్తాను.

1972 జనవరి 22న బ్రస్సెల్స్‌లో నార్వే, బ్రిటన్, డెన్మార్క్, ఐర్లండ్ కలిసి ఐరోపా ఉమ్మడి మార్కెట్‌లో (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు ముందు రూపం) చేరే ఒప్పందంపై సంతకాలు చేశాయి. నార్వే తరఫున సంతకం పెట్టింది లేబర్ పార్టీ ప్రధాని ట్రిగ్వే బ్రాటెలీ. ఇంటికొచ్చి, ‘తుది మాట ప్రజలదే’ అన్నాడు. సెప్టెంబర్ 24, 25 తేదీల్లో ఓటింగ్. ‘వద్దు’ 53.5 శాతం, ‘అవును’ 46.5 శాతం. పోలింగ్ 79 శాతం దాటింది. సంతకం పెట్టిన నాలుగు దేశాల్లో చివరికి చేరనిది నార్వే ఒక్కటే.

‘అవును’ వైపు ఎవరున్నారో చూడండి. అధికార లేబర్ పార్టీ, ప్రతిపక్ష కన్జర్వేటివ్ పార్టీ, కార్మిక సంఘాల సమాఖ్య ఎల్ఓ నాయకత్వం, పరిశ్రమల యజమానులు, నౌకా వ్యాపారులు, పెద్ద పత్రికల్లో అత్యధిక భాగం. ‘వద్దు’ వైపు రైతులు, జాలర్లు, లేబర్ పార్టీ సొంత యువజన విభాగం, విద్యార్థులు, వామపక్షాలు, పడమటి తీరంలో చర్చి, మద్యనిషేధ సంఘాల జనం. ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్ళంతా ఒక్కటయ్యారు. ఓస్లోలో మూడింట రెండొంతుల మంది ‘అవును’ అంటే, ఉత్తరాన పదిమందిలో ఏడుగురు ‘వద్దు’ అన్నారు. ఈ పటాన్ని చమురుతో ఎలా వివరిస్తారు? ఉత్తరాన అప్పటికి చమురు చుక్క కూడా లేదు.

---

రాజమండ్రి_రవి | శనివారం 10:15

ప్రసాద్ గారూ, ఒక డౌట్. పార్లమెంటులో మెజారిటీ చేరాలనే ఉంటే జనాన్ని అడగాల్సిన అవసరమేంటి? బిల్లు పాస్ చేసేస్తే సరిపోయేది కదా.

---

పాతపేజీలు | శనివారం 11:02

రవీ, మంచి ప్రశ్న వేశావు. నార్వే పార్లమెంటు స్టోర్టింగ్. దేశాధికారంలో కొంత భాగాన్ని అంతర్జాతీయ సంస్థకు అప్పగించాలంటే అక్కడ నాలుగింట మూడొంతుల మెజారిటీ కావాలని 1962లో రాజ్యాంగంలో 93వ అధికరణం చేర్చారు. 1970లో చర్చలు మొదలుపెడదామా అని ఓటింగ్ పెడితే 132 మంది సరే అన్నారు, 17 మంది కాదన్నారు. అంటే లెక్క ప్రకారం ఢోకా లేదు. ప్రజాభిప్రాయ సేకరణ కూడా సలహా కోసమే, దానికి కట్టుబడి తీరాలని చట్టమేమీ లేదు.

అయినా అడగక తప్పలేదు. నాలుగు వందల ఏళ్ళు డెన్మార్క్ కింద, 1814 నుంచి 1905 దాకా స్వీడన్ రాజు కింద, 1940 నుంచి అయిదేళ్ళు జర్మన్ సైన్యం కింద ఉన్న దేశం అది. స్వీడన్‌తో తెగతెంపులకు 1905లో ఓటు పెడితే కాదన్నవాళ్ళు దేశం మొత్తం మీద 184 మంది. ఆ జ్ఞాపకం ఉన్న ఇంట్లో ‘మన నిర్ణయాలు ఇకమీద ఇంకో ఊళ్ళో జరుగుతాయి’ అని చెప్పాలంటే, అది ప్రజల నోటితోనే చెప్పించాలి.

ఈ గొడవ 1972లో మొదలవలేదని కూడా గుర్తుపెట్టుకో. అంతకుముందే ఒక ప్రభుత్వం దీనివల్ల కూలింది. ప్రధాని పెర్ బోర్టెన్ రైతుల పార్టీ మనిషి. మనసులో యూరప్ అంటే ఇష్టం లేదు, కానీ ఆయన కూటమిలో కన్జర్వేటివ్‌లున్నారు. 1971 ఫిబ్రవరిలో విమాన ప్రయాణంలో, చర్చలకు సంబంధించిన రహస్య నివేదికను పక్కనున్న ఆర్నే హౌగెస్టాడ్‌కు చూపించాడు. ఆ హౌగెస్టాడ్ ఎవరనుకున్నావు? ఉమ్మడి మార్కెట్‌కు వ్యతిరేకంగా పనిచేస్తున్న ప్రజా ఉద్యమానికి ముఖ్య నాయకుడు. సంగతి పత్రికకెక్కింది. మార్చిలో బోర్టెన్ రాజీనామా చేశాడు. అలా వచ్చిన ప్రభుత్వమే బ్రాటెలీది.

---

సుజాత_బెర్గెన్ | శనివారం మధ్యాహ్నం 1:30

చేపల సంగతి చెప్పకుండా 1972 అర్థం కాదు. నాకు ఈ విషయమంటే ప్రాణం, కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

ఉత్తరాన లోఫోటెన్ దీవులు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడికి వస్తాయి. పట్టిన చేపను తల తీసి, కడుపు శుభ్రం చేసి, రెండేసి చేపల తోకలు కలిపి తాడుతో కట్టి, బాదులతో కట్టిన పెద్ద పందిళ్ళకు వేలాడదీస్తారు. మన ఉప్పాడ తీరంలో ఎండుచేపకి ఉప్పు పట్టించినట్టు వీళ్ళు పట్టించరు, చిటికెడు ఉప్పు కూడా తగలనివ్వరు. ఆ చలిగాలికే ఎండుతుంది. వసంతం చివరికొచ్చేసరికి కట్టెలా గట్టిపడుతుంది. ఇటలీ, నైజీరియా దాకా వెళ్తుంది ఆ సరుకు. వేసవిలో ఖాళీ పందిళ్ళ కింద నిలబడినా ఆ వాసన ముక్కును వదలదు.

ఇప్పుడు ఆ జాలరి వైపు నుంచి చూడండి. చిన్న పడవ. కుటుంబమే సిబ్బంది. 1938లో వచ్చిన పచ్చిచేపల చట్టం ఒకటి అతన్ని కాపాడుతోంది. పడవ నుంచి దిగే చేపకు మొదటి అమ్మకం జాలర్ల సొంత సంఘం చేతుల్లోనే జరగాలి, కనీస ధరను సంఘమే నిర్ణయిస్తుంది. అంతకుముందు ఒడ్డునున్న వ్యాపారి చెప్పిందే రేటు, పైగా అతని దగ్గరే అప్పు. ఆ ఊబి నుంచి బయటపడి ఒక తరం కూడా కాలేదు.

సరిగ్గా అలాంటప్పుడు, 1970లో, నార్వే వాళ్ళు చర్చలకు కూర్చోబోతుండగా, ఉమ్మడి మార్కెట్‌లోని ఆరు దేశాలు ఒక విధానానికి ఒప్పుకున్నాయి: సభ్యదేశాల పడవలకు ఒకరి జలాల్లో ఒకరికి సమాన ప్రవేశం. ఆరింటిలో ఏ దేశానికీ నార్వే అంత చేపల సంపద లేదు. ఇది చదివిన జాలరికి ఏమనిపిస్తుంది? నార్వేకి పదేళ్ళ మినహాయింపు ఇచ్చారు. ఆ తర్వాత ఏమిటన్నదానికి గట్టి హామీ లేదు. ‘ఇది చాలదు’ అని మత్స్యశాఖ మంత్రి క్నూట్ హోయెమ్ ఆ జనవరిలోనే మంత్రి పదవి వదిలేశాడు. ప్రధాని సంతకం పెట్టిన ఒప్పందాన్ని మత్స్యమంత్రే నమ్మలేదంటే, పడవ మీదున్నవాడు ఎందుకు నమ్ముతాడు?

---

కాకినాడ_కెరటం | శనివారం సాయంత్రం 6:20

సుజాత గారూ, చాలా బాగా చెప్పారు. కానీ ప్రసాద్ అన్నా, చమురును అంత తేలిగ్గా పక్కన పెట్టేస్తే నేను ఒప్పుకోను. కేజీ బేసిన్‌లో ఆఫ్‌షోర్ పని చేసినవాణ్ణి, ఈ విషయంలో నార్వే ఏం చేసిందో శ్రద్ధగా చదివాను.

ఎకోఫిస్క్ క్షేత్రం 1969 చివర్లో దొరికింది. తవ్వింది ఓషన్ వైకింగ్ అనే రిగ్గు (సముద్రంలో బావి తవ్వే వేదిక), ఫిలిప్స్ కంపెనీ కోసం. 1971లో తాత్కాలికంగా చమురు తీయడం మొదలైంది. 1972 జూన్ 14న స్టోర్టింగ్ ఏకగ్రీవంగా ప్రభుత్వ చమురు కంపెనీ స్టాటాయిల్‌ను, దాంతోపాటు చమురు పనుల్ని పర్యవేక్షించే పెట్రోలియం డైరెక్టరేట్‌ను పెట్టాలని నిర్ణయించింది. రెండూ స్టావంగర్‌కే ఇచ్చారు. సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీలు మూతపడుతున్న ఊరది. సెప్టెంబర్ 18న స్టాటాయిల్ పుట్టింది. ఓటింగ్ సెప్టెంబర్ 24న. మధ్యలో వారం కూడా లేదు! సముద్రం కింద ఏముందో తెలిసిన దేశం, తన వనరులు తన చేతిలోనే ఉండాలని అనుకుంది. రెండు నిర్ణయాల వెనకా ఉన్నది ఒకే ఆలోచన అని నాకనిపిస్తుంది.

ఫరూక్ అల్ ఖాసిమ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇరాక్ జియాలజిస్టు. భార్య నార్వే ఆవిడ. కొడుకుకి సెరెబ్రల్ పాల్సీ, మెరుగైన వైద్యం కోసం 1968లో నార్వే వచ్చాడు. పరిశ్రమల శాఖ ఆఫీసుకి వెళ్ళి ఉద్యోగం ఏమైనా ఉందా అని అడిగాడు. అప్పటికి ఆ శాఖలో చమురు వ్యవహారాలు చూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కంపెనీగా వ్యాపారం చేసేది వేరు, నియమాలు పెట్టి పర్యవేక్షించేది వేరు, రెండూ ఒకే చేతిలో ఉండకూడదన్న ఏర్పాటు వెనక ఆయన చెయ్యి పెద్దది. మా ఫీల్డులో ఉన్న ప్రతి కుర్రాడికీ ఈ పేరు తెలియాలి.

---

ఫ్యోర్డ్_ప్రసాద్ | శనివారం రాత్రి 8:05

తమ్ముడూ, ఖాసిమ్ గురించి రాసినందుకు సంతోషం. నీ వాదనలో మాత్రం ఒక చిక్కుంది. స్టాటాయిల్‌ను పుట్టించింది ఎవరు? బ్రాటెలీ ప్రభుత్వం. దాని కోసం పట్టుబట్టింది ఆయన పరిశ్రమల మంత్రి ఫిన్ లీడ్. ‘అవును’ అని ఓటేయమని ఊరూరా తిరిగింది ఎవరు? అదే ప్రభుత్వం. వాళ్ళ దృష్టిలో ఆ రెండింటికీ వైరుధ్యం లేదు. చమురు కంపెనీ విషయంలో స్టోర్టింగ్ మొత్తం ఒక్కటైంది. మూడు నెలల తర్వాత అదే దేశం యూరప్ విషయంలో నిలువునా చీలిపోయింది. రెంటికీ ఒకటే కారణమైతే అలా ఎలా జరుగుతుంది?

రెండో సంగతి. 1972లో చమురు అంటే ఇప్పటి చమురు కాదు. 1973 అక్టోబర్ ధరల పేలుడుకు ముందు బ్యారెల్ రెండు మూడు డాలర్లు. ఎకోఫిస్క్ నుంచి ఒడ్డుకు పైపు కూడా లేదు, గల్ఫ్‌టైడ్ అనే రిగ్గు మీద తీసి సముద్రంలోనే, నీటి మీద తేలే లంగరు డ్రమ్ముల (buoy) దగ్గర ట్యాంకర్లకు ఎక్కించేవాళ్ళు. ఇంగ్లండ్‌లోని టీసైడ్‌కు పైపులైన్ వచ్చింది 1975లో. స్టాట్‌ఫ్యోర్డ్ క్షేత్రం బయటపడింది 1974లో. చమురు డబ్బును దాచిపెట్టే, ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుకునే ఆయిల్ ఫండ్‌కు చట్టం 1990లో వచ్చింది, మొదటి డబ్బు పడింది 1996లో. ఓటేసిన రోజున జనం ముందున్న బెదిరింపు వేరు: ‘చేరకపోతే మన అల్యూమినియం, మన కాగితం ఎవరు కొంటారు? ఉద్యోగాలు పోతాయి.’ ఆ భయాన్ని పక్కన పెట్టి ‘వద్దు’ అన్నారు. నాకు గౌరవం కలిగేది అక్కడే. జేబులో డబ్బుండి ధైర్యం చేసినవాళ్ళు కాదు వాళ్ళు.

---

వెంకట్_ఆర్హస్ | ఆదివారం ఉదయం 8:50

డెన్మార్క్ నుంచి ఒక మాట. నార్వే ఓటేసిన వారానికే, అక్టోబర్ 2న, ఇక్కడ ఓటింగ్. 63 శాతం పైగా ‘అవును’. పొరుగుదేశం ఇప్పుడే కాదన్నా ఇక్కడివాళ్ళు ఆగలేదు. డెన్మార్క్ రైతు పంది మాంసం, వెన్న అమ్ముకునేది బ్రిటన్‌కూ జర్మనీకీ. బ్రిటన్ లోపలికి వెళ్తుంటే తను బయట ఉంటే అతని పని అయిపోయినట్టే. నార్వే రైతు సంగతి పూర్తిగా తిరగబడి ఉంది. దేశంలో సాగుభూమి మూడు శాతమే. కొండవాలు, చిన్న కమతం, పొట్టి వేసవి. ప్రభుత్వం ధర నిలబెట్టబట్టే బతుకుతున్నాడు. ఉమ్మడి మార్కెట్ ధరలు వస్తే అతనికి మిగిలేది లేదు. పక్కపక్క దేశాలే, భాష కూడా సగం అర్థమవుతుంది, రైతుల లెక్క మాత్రం వేరు.

గెలిచిన మర్నాడే డెన్మార్క్ ప్రధాని యెన్స్ ఒట్టో క్రాగ్ రాజీనామా చేశాడు. నార్వేలో ఓడినాయన దిగిపోయాడు, డెన్మార్క్‌లో గెలిచినాయన దిగిపోయాడు. రెండూ ఆ అక్టోబర్‌లోనే.

---

చింతచిగురు | ఆదివారం 11:30

అందరూ ఓటింగ్ దగ్గరే ఆగిపోయారు. అదే ఏడాది నార్వేలో ఇంకా చాలా జరిగింది.

మగవాళ్ళ మధ్య స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 213వ సెక్షన్‌ను 1972 వసంతంలో రద్దు చేశారు. దాని కోసం ఏళ్ళ తరబడి పేరు పెట్టి, మొహం చూపించి పోరాడిన మహిళ కిమ్ ఫ్రీలే. ఆ రోజుల్లో సొంత పేరుతో రేడియోలో, పత్రికల్లో నిలబడటం ఎంత కష్టమో ఊహించండి. మన దేశంలో 377 విషయంలో 2018 దాకా ఎదురుచూసినవాళ్ళకు ఆ విలువ తెలుసు.

మే నెలలో పర్యావరణ మంత్రిత్వ శాఖ పెట్టారు. ప్రపంచంలో అలాంటి శాఖ పెట్టిన తొలి దేశాల్లో నార్వే ఒకటి. మొదటి మంత్రి ఒలావ్ యెరెవోల్ వృక్షశాస్త్రవేత్త, కొండల్లో పూలమొక్కల మీద పనిచేసిన మనిషి. రెండేళ్ళ ముందు మర్దోలా జలపాతం దగ్గర జలవిద్యుత్ ప్రాజెక్టు వద్దంటూ నిరసనకారులు గొలుసులతో కట్టుకుని కూర్చున్న సంగతి అందరి మనసులో తాజాగా ఉంది. జూన్‌లో పక్కనే స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు. మన ఇందిరా గాంధీ మాట్లాడింది అందులోనే.

ట్రొమ్సో విశ్వవిద్యాలయం కూడా ఆ ఏడాదే మొదలైంది. ఆర్కిటిక్ వలయం దాటి అంత ఉత్తరాన యూనివర్సిటీ! చదువుకోవడానికి దక్షిణానికి వెళ్ళిన డాక్టర్లు తిరిగి రావడం లేదు కాబట్టి అక్కడే తయారుచేసుకుందామనుకున్నారు. ‘వద్దు’ అన్న ఉత్తరాదికీ ఈ యూనివర్సిటీకీ సంబంధం ఉందని నా అభిప్రాయం. తమ ఊరు ఖాళీ కాకూడదన్నదే రెండు చోట్లా వాళ్ళ కోరిక.

---

రాజమండ్రి_రవి | ఆదివారం 12:10

స్పోర్ట్స్ ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఫిబ్రవరిలో జపాన్ సపోరో వింటర్ ఒలింపిక్స్‌లో మాగ్నార్ సోల్‌బెర్గ్ బయాథ్లాన్ (స్కీయింగ్, తుపాకీ గురి కలిపిన పోటీ) 20 కిలోమీటర్లలో స్వర్ణం, 1968లో గెలిచిన పోటీలోనే మళ్ళీ. పోల్ టిల్డుమ్ 50 కిలోమీటర్ల స్కీయింగ్‌లో స్వర్ణం. మ్యూనిక్‌లో సైక్లింగ్‌లో క్నూట్ క్నూడ్సెన్, వెయిట్‌లిఫ్టింగ్‌లో లైఫ్ యెన్సెన్ ఒక్కొక్క స్వర్ణం.

---

సుజాత_బెర్గెన్ | ఆదివారం 12:45

ఆ ఏడాది చివర విషాదంగా ముగిసింది రవీ. డిసెంబర్ 23, క్రిస్మస్‌కు ఇళ్ళకు చేరే జనం. ఓలెసుండ్ నుంచి ఓస్లోకి వస్తున్న బ్రాథెన్స్ విమానం దిగబోతూ ఆస్కెర్ దగ్గర అడవిలో కూలింది. 45 మందిలో 40 మంది పోయారు.

---

పాతపేజీలు | ఆదివారం సాయంత్రం 5:00

బ్రాటెలీ గురించి కొంచెం. ఈ మనిషిని అర్థం చేసుకోకపోతే ‘అవును’ అన్నవాళ్ళను డబ్బున్నవాళ్ళు, పట్నంవాళ్ళు అని కొట్టిపారేస్తాం. అది అన్యాయం.

చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టాడు. కుర్రతనంలో తిమింగలాల వేట ఓడలో పనిచేశాడు. 1942లో జర్మన్లు పట్టుకున్నారు. ‘రాత్రి, పొగమంచు’ ఖైదీ అని ముద్రవేసి, అంటే బయటి ప్రపంచానికి ఆనవాలు దొరకకూడని ఖైదీ, ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి తిప్పారు. 1945 వసంతంలో స్వీడన్ రెడ్‌క్రాస్ తెల్లబస్సులు వచ్చి తెచ్చేసరికి ఎముకల గూడు. అలాంటి మనిషి జర్మనీతో ఒకే బల్ల దగ్గర కూర్చోవాలన్నాడు, ఇంకో యుద్ధం రాకూడదంటే అదే దారి అన్నాడు. ఆ మాటకు బరువుంది.

ఆగస్టులో మరో మాట అన్నాడు: ‘వద్దు అని వస్తే నా ప్రభుత్వం దిగిపోతుంది.’ లేబర్ ఓటర్లను దారికి తేవాలని. అది పనిచేయలేదు. పైగా పార్టీ లోపలి వ్యతిరేకులను అది ఇంకా మండించింది. నాన్న ‘అవును’, కొడుకు ‘వద్దు’, భోజనాల దగ్గర ఈ ఊసు ఎత్తకూడదని అమ్మ ఆర్డర్, ఇలాంటి ఇళ్ళు కోకొల్లలు. కౌంటింగ్ రాత్రి ఉత్తర తీరం నుంచి ఫలితాలు వస్తుంటే సంగతి తేలిపోయింది. అక్టోబర్‌లో దిగిపోయాడు, క్రిస్టియన్ పార్టీ నాయకుడు లార్స్ కోర్వాల్డ్ మూడు చిన్న పార్టీలతో మైనారిటీ ప్రభుత్వం కట్టాడు. నవంబర్‌లో రోరోస్ మహాసభలో లిబరల్ పార్టీ రెండు ముక్కలైంది. మరుసటి ఏడాది ఎన్నికల్లో లేబర్ 46.5 శాతం నుంచి 35.3కి పడిపోయింది.

---

కాకినాడ_కెరటం | ఆదివారం రాత్రి 9:15

మాస్టారూ, బ్రాటెలీ గురించి చదివాక నా ప్రశ్న ఇంకా గట్టిపడింది. ‘వద్దు’ అన్నది ధైర్యమే అనుకుందాం. తర్వాత చమురు ధర నాలుగింతలు కాకపోయి ఉంటే? ఆ ధైర్యానికి ఖరీదు ఎవరు కట్టేవాళ్ళు? ఇంకోటి, 1994లో మళ్ళీ ఓటు పెట్టారు, 52.2 శాతం మళ్ళీ ‘వద్దు’. కానీ అదే ఏడాది మొదట్లోనే ఈఈఏ (యూరోపియన్ ఎకనామిక్ ఏరియా) ఒప్పందం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఉమ్మడి మార్కెట్ నియమాలు నార్వే పాటిస్తుంది, వాటిని రాసే చోట ఓటు మాత్రం లేదు. సార్వభౌమత్వం కోసం బయట ఉండి, బయటివాళ్ళు రాసిన రూల్స్ పాటించడం నాకు మింగుడు పడటం లేదు.

---

సుజాత_బెర్గెన్ | ఆదివారం రాత్రి 10:20

ఈఈఏ మీద మీ అభ్యంతరం సరైనదే అండీ, ఇక్కడ కూడా చాలామంది అదే అంటారు. కానీ చేప, పొలం ఆ ఒప్పందంలో కలవలేదు. 1972లో దేని కోసం కొట్లాడారో ఆ రెండూ బయటే ఉన్నాయి. 1977 జనవరి 1న నార్వే తన ఆర్థిక మండలాన్ని, అంటే చేపల మీద తనకే హక్కుండే సముద్ర భాగాన్ని, 200 మైళ్ళకు పెంచుకుంది. కాడ్ ఎంత పట్టాలో రష్యాతో కూర్చుని తేల్చుకుంటుంది. లోపల ఉండుంటే ఆ కుర్చీలో కూర్చునేది బ్రస్సెల్స్‌లోని యూరప్ కూటమి. కెనడా తూర్పు తీరంలో కాడ్ 1990ల మొదట్లో కుప్పకూలి వేలమంది రోడ్డున పడ్డారు. బారెంట్స్ కాడ్ నిలిచింది. దాని కారణాలన్నీ 1972కే కట్టబెట్టను, సముద్రం, శాస్త్రవేత్తలు, రష్యాతో సఖ్యత అన్నీ ఉన్నాయి. కానీ నిర్ణయం తమ చేతిలో ఉండటం కూడా అందులో ఒకటి.

---

రాజమండ్రి_రవి | సోమవారం ఉదయం 7:30

చివరిగా ఒక్కటి. బ్రాటెలీ ఏమయ్యాడు? రాజకీయాల నుంచి తప్పుకున్నాడా?

---

ఫ్యోర్డ్_ప్రసాద్ | సోమవారం 8:10

లేదు రవీ. కోర్వాల్డ్ ప్రభుత్వం ఒక పని పూర్తి చేసింది. 1973 మేలో ఉమ్మడి మార్కెట్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదుర్చుకుంది. అల్యూమినియం, కాగితం ఎవరు కొంటారన్న భయం అలా చాలావరకు తీరింది. ఆ శరదృతువు ఎన్నికల్లో లేబర్‌కు ఓట్లు పడిపోయినా, ఎడమవైపు కొత్త కూటమి 16 సీట్లు తెచ్చుకోవడంతో సోషలిస్టులంతా కలిసి ఒక్క సీటు తేడాతో పైచేయి సాధించారు. 1973 అక్టోబర్‌లో బ్రాటెలీ మళ్ళీ ప్రధాని అయ్యాడు, 1976 జనవరి దాకా ఉన్నాడు. చమురు పన్నులు, ప్రభుత్వ వాటా వంటి గట్టి నిర్ణయాలు చాలా ఆ కాలంలోనివే. యూరప్ ప్రసక్తి మాత్రం ఆయనా తేలేదు, పార్టీ కూడా దాదాపు ఇరవై ఏళ్ళు తేలేదు. మళ్ళీ దరఖాస్తు పెట్టింది 1992లో, గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ ప్రభుత్వం. బ్రాటెలీ అప్పటికి లేడు, 1984లోనే చనిపోయాడు.